పిల్లవాణ్ణి ఎవరి చేతిలో పెడుతున్నాం

కడప జిల్లా గండికోటలో ఒక పిల్లవాడికి ఆటిజం ఉందని ప్రభుత్వం ఒప్పుకోవాలంటే పెద్ద తతంగమే ఉంది. వైకల్య ధ్రువీకరణకు సదరం స్లాటు బుక్ చేసుకోవాలి. చెప్పిన రోజుకు జమ్మలమడుగు మీదుగా బోర్డు కూర్చునే ఆసుపత్రికి పిల్లవాణ్ణి ఎత్తుకుపోవాలి. అక్కడ నలభై అంశాలున్న ‘ఇసా’ కొలమానాన్ని ముందు పెట్టుకుని, ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేసి, కూడి, శాతం తేలుస్తారు. అది 40కి తగ్గకపోతేనే పింఛను మాట. 2024లో ఆ పింఛను 6,000 రూపాయలయ్యాక సర్టిఫికెట్ల మీద మళ్లీ తనిఖీలు కూడా జరిగాయి.

అదే పిల్లవాడి ఎదురుగా రోజూ గంటో రెండు గంటలో కూర్చుని అడగడం, ఆగడం, చొక్కా బొత్తాం పెట్టుకోవడం నేర్పే మనిషి సంగతేమిటి? ప్రొద్దుటూరులోనో కడపలోనో ఒక గది అద్దెకు తీసుకుని ‘ఏబీఏ థెరపీ’, అంటే ప్రవర్తన విశ్లేషణ చికిత్స, అని బోర్డు కట్టుకుంటే అడిగేవాళ్లు లేరు. వైకల్యం ఉన్న బిడ్డ దాన్ని రుజువు చేసుకోవాలి. ఆ బిడ్డ ప్రవర్తనను మారుస్తానని డబ్బు తీసుకునేవారు మాత్రం తమకు ఏం వచ్చో ఎవరికీ రుజువు చేయనక్కర్లేదు. ఈ తేడా నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ప్రవర్తన విశ్లేషణ చేసేవారికి వృత్తి గుర్తింపు ఎవరివ్వాలి, దేన్ని చూసి ఇవ్వాలి, ఇచ్చినదాన్ని ఎప్పుడు తిరిగి తీసుకోవాలి అనే ప్రశ్న అమెరికాలో యాభై ఏళ్లుగా నలుగుతోంది. మన దగ్గర అది 2021లో చట్టంలోకి ఎక్కింది గానీ ఎర్రమల కొండల దాకా ఇంకా రాలేదు.

ముందు ఆ పనేమిటో చూద్దాం. అమ్మ సంగటి పళ్లెం ముందు పెట్టగానే నాలుగేళ్ల పిల్లవాడు దాన్ని విసిరికొడతాడు అనుకుందాం. ఇంట్లోవాళ్లు మొండితనం అంటారు. ‘వాళ్ల నాయన కూడా ఐదేండ్ల దాకా మాట్లాడల్యా, వాడే సర్దుకుంటాడు’ అని జేజి అంటుంది. ప్రవర్తన విశ్లేషణ తెలిసినవారు ఈ రెండు మాటల దగ్గరా ఆగరు. ఆ విసురుకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని కొన్నాళ్లపాటు రాసుకుంటారు. విసిరినప్పుడల్లా సంగటి తీసేసి బిస్కెట్ ఇస్తున్నారా? పనిలో మునిగిన అమ్మ అప్పుడు మాత్రమే దగ్గరికి వచ్చి కూర్చుంటోందా? లేక వంటింట్లో మిక్సీ మోత భరించలేక విసిరితే, కోప్పడుతూనే బయటి వసారాలోకి తీసుకుపోతున్నారా?

పైకి కనిపించే పని ఒకటే, వెనక కారణాలు మూడు. మొదటిదైతే బిస్కెట్ కావాలని అడిగే దారి నేర్పాలి. మాటతోనైనా సరే, బొమ్మకార్డుతోనైనా సరే, వేలు చూపించైనా సరే. రెండోదైతే పళ్లెం విసరని వేళల్లోనే అమ్మ వాడి దగ్గర కూర్చోవాలి. మూడోదైతే పిల్లవాడు తినేటప్పుడు మిక్సీ వేయకూడదు. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా ‘విసిరితే వేరే గదిలో కూర్చోబెట్టండి’ అని సలహా ఇస్తే ఏమవుతుంది? అమ్మ కోసం విసిరే పిల్లవాడు కొంత తగ్గించవచ్చు. మిక్సీ నుంచి తప్పించుకోవాలని విసిరేవాడికి మాత్రం అడిగిందే ఇచ్చినట్టు. రేపు ఇంకా గట్టిగా విసురుతాడు. అప్పుడు తలుపు గడియ పెట్టమనే సలహా వస్తుంది. తెలియని చేతుల్లో ఈ విద్య పనిచేయకుండా ఊరుకోదు, హాని చేసేవైపు పోతుంది. సర్టిఫికెట్ చర్చకు మూలం ఇదే.

ఈ విద్యకు పునాది వేసినవాడు బి. ఎఫ్. స్కిన్నర్. ప్రయోగశాల నుంచి మనుషుల దైనందిన జీవితంలోకి దాన్ని తెచ్చినవాళ్లు 1968లో సొంత పత్రిక పెట్టుకున్నారు. ఆటిజంతో దీని పేరు ముడిపడిపోవడానికి కారణం 1987లో ఐవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం. వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లకు పైగా నేర్పితే 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి గట్టెక్కారని, తెలివితేటల పరీక్షలోనూ సగటుకు చేరారని ఆయన రాశాడు. పిల్లలను ఏ గుంపులో వేయాలో చీటీ వేసి నిర్ణయించలేదని, ఆ పద్ధతిలో గద్దింపు, తొడ మీద దెబ్బ కూడా ఉన్నాయని విమర్శకులు అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అయినా ‘40 గంటలు’ అన్న మాట దేశదేశాలు తిరిగింది.

వృత్తి గుర్తింపు కథ మాత్రం లోవాస్ కంటే ముందే, ఫ్లోరిడాలో, చాలా చేదుగా మొదలైంది. 1970ల తొలినాళ్లలో మయామీలోని సన్‌ల్యాండ్ అనే ప్రభుత్వ సంస్థలో బుద్ధిమాంద్యం ఉన్నవారు ఉండేవారు. మంచి ప్రవర్తనకు టోకెన్లు ఇచ్చి, వాటితో ఇష్టమైనవి కొనుక్కోనిచ్చే పద్ధతి పేరుతో ఒక మనస్తత్వవేత్త అక్కడ కొత్త విభాగం నడిపాడు. 1972లో విచారణ జరిగితే బయటపడినవి వేరు. చెక్క బద్దలతో కొట్టడం, డిటర్జెంటుతో నోరు కడగడం, గదుల్లో బంధించడం, నలుగురి ముందు సిగ్గుపడేలా అవమానించడం. ఇవన్నీ ‘చికిత్స’గా కాగితాల మీదికి ఎక్కాయి. విచారణ సంఘం దోషుల పేర్లు తేల్చడంతో ఆగలేదు. ఏ పద్ధతి వాడవచ్చో, ఏది వాడకూడదో రాష్ట్రమంతటికీ ఒక నియమావళి ఉండాలంది. ఒకరు రాసిన ప్రణాళికను తోటి నిపుణులు చూసి ఒప్పుకోవాలంది. ఆ దారిలోనే 1980లలో ఫ్లోరిడా ప్రభుత్వం పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలైంది. ఆ పరీక్షను ఆధారం చేసుకుని 1998లో జెరాల్డ్ షూక్ ఒక స్వచ్ఛంద బోర్డును స్థాపించాడు. ఇవాళ తల్లిదండ్రుల నోట వినిపించే బీసీబీఏ, ఆర్‌బీటీ అనే పొట్టి పేర్లన్నీ ఆ బోర్డు ఇచ్చినవే.

సన్‌ల్యాండ్ సంగతి ఇంత చెప్పడానికి కారణం ఉంది. మన పత్రికల్లో, ప్రకటనల్లో సర్టిఫికెట్‌ను ‘నైపుణ్యానికి ముద్ర’ అనే అర్థంలో వాడుతున్నారు. అది పుట్టింది మాత్రం నోరు లేనివాళ్లను కాపాడడానికి. తప్పు చేసినవారిని ఆ పని నుంచి తొలగించే హక్కు ఎవరో ఒకరి చేతిలో ఉండాలన్న అవసరం నుంచి అది వచ్చింది. ఈ వ్యవహారం మొత్తాన్ని నేను ఈ కొలతతోనే చూస్తున్నాను.

అమెరికా నిచ్చెనలో రెండు మెట్లు ముఖ్యం. పై మెట్టు బీసీబీఏ. పీజీ చదువు, నిర్ణయించిన కోర్సులు, పర్యవేక్షణలో 2,000 గంటల వరకూ క్షేత్రానుభవం, నాలుగు గంటల పరీక్ష. అంచనా వేసేది, ప్రణాళిక రాసేది వీళ్లు. కింది మెట్టు ఆర్‌బీటీ, 2014లో వచ్చింది. ఇంటర్ స్థాయి చదువు, 40 గంటల శిక్షణ, చేసి చూపించే పరీక్ష, ఆ తర్వాత రాత పరీక్ష. రోజూ పిల్లవాడి ముందు కూర్చునేది వీళ్లే. ఒంటరిగా పనిచేసే హక్కు వీళ్లకు లేదు. నెలలో చేసిన గంటల్లో కనీసం 5 శాతమైనా పైవారు చూసి దిద్దాలి. బీసీబీఏలు ఇప్పుడు 60 వేలు దాటారు, ఆర్‌బీటీలు అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇంత మంది పుట్టుకురావడానికి బీమాయే కారణం. 2001లో ఇండియానాతో మొదలుపెట్టి 2019 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఆటిజం చికిత్సకు ఆరోగ్య బీమా డబ్బు కట్టేలా నియమాలు వచ్చాయి. డబ్బు కట్టే కంపెనీకి ఎవరికి కడుతున్నామో తెలియాలి కదా, బోర్డు సర్టిఫికెట్ అందుకు పనికొచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు దానిమీద సొంత లైసెన్సు చట్టాలు కట్టుకున్నాయి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న తెలుగు ఇంట్లో మనవడికి ఆటిజమని తేలితే, సాయానికి వెళ్లిన ప్రొద్దుటూరు అమ్మమ్మ ఈ ఏర్పాటునంతా దగ్గర నుంచి చూస్తుంది. ఆర్‌బీటీ ఇంటికి వస్తుంది. చేసిన ప్రతి ప్రయత్నాన్నీ ట్యాబ్‌లో నమోదు చేస్తుంది. కొన్నాళ్లకోసారి బీసీబీఏ వచ్చి గ్రాఫు చూపిస్తుంది. ఉద్యోగం మారి, వీసా గడువు ముగిసి ఆ కుటుంబం హైదరాబాద్ తిరిగొచ్చినప్పుడు వాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘ఇక్కడ బీసీబీఏ ఎవరున్నారు’ అనే.

జవాబు ఏటేటా కష్టమవుతోంది. 2019 చివర్లో ఆ అమెరికా బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. 2023 జనవరి నుంచి అమెరికా, కెనడా వంటి కొద్ది దేశాల్లో నివసించేవారి దరఖాస్తులే తీసుకుంటామంది. మిగతా దేశాలు తమ పద్ధతులు తామే కట్టుకోవడం మేలన్నది బోర్డు వాదన. దానిలో న్యాయం లేకపోలేదు. అమెరికా చట్టాలు, అమెరికా బీమా, ఇంగ్లిష్ పాఠ్యాంశాల చుట్టూ అల్లిన పరీక్ష ప్రపంచమంతటికీ కొలబద్ద ఎందుకవ్వాలి? కానీ తలుపు మూసేసరికి ఇవతల ఇల్లు కట్టి లేదు. బెంగళూరులోని బిహేవియర్ మొమెంటమ్ ఇండియా వంటి సంస్థల్లో పర్యవేక్షణ గంటలు పూర్తి చేసుకుంటున్న యువతులు గడువులోపు పరీక్ష రాయడానికి పరుగులు పెట్టాల్సి వచ్చింది. గల్ఫ్ దేశాలకూ ఇదే దెబ్బ. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్ల పిల్లలకూ అది తగిలిందన్న మాట.

ఆ ఖాళీలోకి ఇతర అంతర్జాతీయ సంస్థలు వచ్చాయి. ఐబీఏఓ అనేది ఐబీఏ, ఐబీటీ అనే రెండు మెట్లు పెట్టింది. 2012లో మొదలైన క్యూఏబీఏ మూడు మెట్లు పెట్టింది. రెండింటికీ పరీక్షలున్నాయి, నీతి నియమావళి ఉంది, కింది మెట్టుకు పర్యవేక్షణ నియమం ఉంది. ఇవి తీసిపారేయదగినవి కావు. ఇవాళ భారతదేశంలో ఈ పని గట్టిగా నేర్చుకోవాలనుకునేవారికి మిగిలిన దారులు ఇవే. అయితే ఇవి మన చట్టం కింద లేవు. కడపలో ఒక పిల్లవాడికి దెబ్బ తగిలితే ఐబీఏఓ తన జాబితాలోంచి ఒక పేరు తొలగించగలదు. బోర్డు దింపించలేదు, గదికి తాళం వేయించలేదు. పేరు తీసేసిన మరునాడు అదే గదిలో అదే మనిషి అదే పని చేసుకోవచ్చు.

ఈ గందరగోళంలో తల్లిదండ్రులు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఒకటుంది. ‘40 గంటల ఆర్‌బీటీ కోర్సు పూర్తి చేశాను’ అని గోడకు కట్టిన కాగితం వేరు, ఆర్‌బీటీ అయి ఉండడం వేరు. ఆ 40 గంటలు మొదటి అడుగు మాత్రమే. ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి ఎవరైనా పూర్తి చేయవచ్చు. తర్వాతి పరీక్షలు, పర్యవేక్షకుల పేరు, క్రమం తప్పకుండా సరిచూసుకోవడం ఉంటేనే అది వృత్తి. ఇప్పుడు భారతదేశంలో ఉండేవారికి ఆ బోర్డు కొత్తగా ఆర్‌బీటీ ఇవ్వడం లేదు కూడా. ఎవరి పేరైనా ఆ బోర్డు జాబితాలో ఉందో లేదో ఫోనులోనే వెతికి చూడవచ్చు. ఈ ఒక్క పనికి రెండు నిమిషాలు పడుతుంది, నెలల ఫీజు మిగులుతుంది.

ఇక మన సొంత చట్టాలు. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, 1986లో సంఘంగా మొదలై 1992 చట్టంతో, 1993 జూన్ నుంచి చట్టబద్ధ సంస్థ అయింది. శ్రవణ, వాక్ చికిత్సకులు, క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయులు, కృత్రిమ అవయవాలు తయారుచేసేవారు ఇలా 16 రకాల వృత్తులు దాని పరిధిలోవి. వీళ్లకు కేంద్ర పునరావాస రిజిస్టరులో నంబరు ఇస్తుంది. ఆ నంబరు లేకుండా ఆ వృత్తులు చేస్తే ఏడాది దాకా జైలు గానీ వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చని చట్టంలో ఉంది. వెయ్యి రూపాయలు 1992లోనే పెద్ద శిక్ష కాదు, ఇప్పుడు చెప్పనే అక్కర్లేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ 16 రకాల్లో ప్రవర్తన విశ్లేషకులు లేరు. అందువల్ల స్పీచ్ థెరపిస్టునని అబద్ధమాడితే చట్టం పట్టుకోగలదు గానీ ‘ఏబీఏ థెరపిస్టు’ననే బోర్డు దాని చేతికి అందదు.

దీనివల్ల మన దేశంలో ఈ విద్యే లేదనుకుంటే పెద్ద పొరపాటు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్, ఈ పనిని మనవాళ్ల కోసం ఎప్పుడో మొదలుపెట్టింది. 1992లో అక్కడి రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ ‘బేసిక్-ఎంఆర్’ అనే కొలమానం తయారుచేశారు. మొదటి భాగంలో 280 అంశాలు. నడక, సొంత పనులు, మాట, చదవడం రాయడం, అంకెలు, ఇంటి పనులు, డబ్బు. రెండో భాగంలో 75 సమస్యాత్మక ప్రవర్తనలు. కొట్టడం, తన్ను తాను గాయపరచుకోవడం, చేసిందే చేయడం, భయాలు. పిల్లవాడు దేన్ని ఎంత సాయంతో చేయగలడో గుర్తు పెట్టుకుంటూ పోయి, మూడు నెలల తర్వాత మళ్లీ చూడవచ్చు. దానికి తోడుగా ఉపాధ్యాయుల కోసం ప్రవర్తన పద్ధతుల మీద ఒక చేతిపుస్తకం కూడా అదే ఏడాది వచ్చింది. అమెరికా బోర్డు పుట్టడానికి ఆరేళ్ల ముందు మాట ఇది. మన ప్రత్యేక ఉపాధ్యాయులు ఎందరో దానితోనే పని నేర్చుకున్నారు. ఈ వారసత్వాన్ని పక్కనపెట్టి, విదేశీ సర్టిఫికెట్ లేనివాళ్లందరూ ఏమీ తెలియనివాళ్లే అన్నట్టు మాట్లాడడం నాకు బాధ కలిగిస్తుంది. సికింద్రాబాద్‌లో కొలమానం తయారైంది, పుస్తకం తయారైంది. ఆ పని చేసేవారికి ప్రత్యేక హోదా, వాళ్ల మీద ప్రత్యేక పర్యవేక్షణ మాత్రం తయారు కాలేదు.

2021 మార్చిలో పార్లమెంటు మరో చట్టం చేసింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, పోషకాహార నిపుణులు మొదలైనవారిని పది వర్గాలుగా విడదీసి, కేంద్రంలో కమిషన్, ప్రతి రాష్ట్రంలో మండలి, రెండు చోట్లా రిజిస్టర్లు ఉండాలంది. ఆ షెడ్యూలులో ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల కింద ‘బిహేవియరల్ అనలిస్ట్’ అని స్పష్టంగా రాసి ఉంది. ఈ వృత్తి పేరును మన చట్టంలో నేను చూసింది అక్కడే. ఈ చట్టం గంటలు కూడా లెక్కపెట్టింది. అనుబంధ ఆరోగ్య వృత్తికి కనీసం 2,000 గంటల చదువు, ఆరోగ్య సంరక్షణ వృత్తికి 3,600 గంటలు. 40 గంటల వీడియో కోర్సుకూ దీనికీ ఎంత దూరమో చూడండి.

అమలు మాత్రం నత్తనడక నడిచింది. రాష్ట్రాలు మండళ్లు వేయకపోతుంటే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. 2025లో కమిషన్ పది వృత్తులకు నమూనా పాఠ్యప్రణాళికలు విడుదల చేసింది. వాటిలో అనువర్తిత మనస్తత్వశాస్త్రం, ప్రవర్తనా ఆరోగ్యం ఉంది. అదే ఏడాది ఈ చట్టం కిందికి వచ్చే చదువులను, మనస్తత్వశాస్త్రంతో సహా, దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని యూజీసీ ఆదేశించింది. ఉద్దేశం మంచిదే, చేతులతో నేర్వాల్సిన పనిని పోస్టులో నేర్పలేం. కానీ పెళ్లయి జమ్మలమడుగులో ఉన్న ఒక డిగ్రీ అమ్మాయి ఇప్పుడేం చేయాలి? నాణ్యమైన పెద్ద చదువుకు దూరవిద్య దారి మూసుకుంది. నాణ్యం లేని చిన్న వీడియో కోర్సు మాత్రం ఎప్పటిలా తెరిచే ఉంది.

ఇక్కడ ఇంకో గొంతు వినాలి. అమెరికా, బ్రిటన్‌లలో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు, చిన్నప్పుడు ఈ చికిత్స పొందినవాళ్లు, దీన్ని గట్టిగా ప్రశ్నిస్తున్నారు. చేతులు ఊపడం మాన్పించారు, బలవంతంగా కళ్లలోకి చూడమన్నారు, అలసిపోయినా గంటలు పూర్తి చేయించారు, మమ్మల్ని మామూలు పిల్లల్లా కనిపించేలా చేయడమే విజయమనుకున్నారు అంటారు. మసాచుసెట్స్‌లోని జడ్జ్ రోటెన్‌బర్గ్ కేంద్రంలో విద్యార్థుల ఒంటికి కరెంట్ షాక్ ఇచ్చే పరికరాన్ని దశాబ్దాలపాటు వాడారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని 2020లో నిషేధిస్తే 2021లో కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ప్రవర్తన విశ్లేషకుల అంతర్జాతీయ సంఘం ఆ షాక్‌ను వ్యతిరేకిస్తూ అధికారికంగా ప్రకటన చేసింది 2022లో. సర్టిఫికెట్లు, నియమావళులు, బోర్డులు అన్నీ ఉన్న దేశంలో అంత ఆలస్యం జరిగింది. కాబట్టి ‘సర్టిఫికెట్ తెస్తే చాలు’ అనేవారితో నేను ఏకీభవించలేను. పరీక్షలో ఏం అడుగుతారన్నది ఎంత ముఖ్యమో, ఏ పని ఎవరూ ఎప్పుడూ చేయకూడదో రాసిపెట్టడం అంతే ముఖ్యం. మన రాష్ట్ర మండలి నియమావళి రాసే బల్ల దగ్గర ఆటిజం ఉన్న పెద్దవాళ్లూ, పిల్లల తల్లులూ కూర్చోవాలి.

ఇంకో సంగతి భాష. అమెరికా బోర్డు పరీక్ష తెలుగులో ఎప్పుడూ లేదు. నష్టం అక్కడితో ఆగదు. ఇంగ్లిష్‌లో నేర్చుకున్నవారు ఇంగ్లిష్‌లోనే నేర్పుతారు. ‘సే వాటర్’, ‘క్లాప్ హ్యాండ్స్’, ‘గివ్ మీ’ అని థెరపీ గదుల్లో వినిపిస్తుంటాయి. నాలుగు నెలల కష్టం తర్వాత పిల్లవాడు ‘వాటర్’ అంటాడు, ఇంట్లో జేజికి ఆ మాటతో పని లేదు. అడిగినా నీళ్లు రాకపోతే ఆ మాట మళ్లీ మాయమవుతుంది. అది ప్రవర్తన విశ్లేషణ మొదటి పాఠమే, ఫలితం లేని ప్రవర్తన నిలవదు. ఈ ప్రాంతంలో పనిచేసేవారు పిల్లవాడి ఇంటి మాటలో నేర్పగలరా అన్నది పరీక్షలో భాగం కావాలని నా పట్టుదల. ఆ ఇంటి మాట ఉర్దూ అయితే ఉర్దూలో. కడప జిల్లాలో అది చిన్న విషయం కాదు.

గండికోట నుంచి చూస్తే ఇప్పుడున్న దారి ఇది. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు బాల స్వాస్థ్య బృందం రావాలి. 2013లో మొదలైన ఈ కేంద్ర కార్యక్రమం కింద ఎదుగుదల ఆలస్యమైన పిల్లలను గుర్తించి జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడి సిబ్బంది జాబితాలో పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు, వాక్ చికిత్సకులు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. ప్రవర్తన విశ్లేషకులు లేరు. బడి వయసు వచ్చాక మండల కేంద్రాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలున్నాయి. అక్కడి రిసోర్స్ టీచర్లు ఆర్‌సీఐ గుర్తింపు ఉన్నవారు, కదల్లేని పిల్లల ఇళ్లకు కూడా వెళ్తారు. కొంచెం అటు అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు బడులు నడిపింది, ఊళ్లలో వికలాంగుల సంఘాలు కట్టింది. రాయలసీమలో ఈ పిల్లల కోసం జరిగిన పనిలో పెద్ద భాగం ఇలాంటి చేతుల మీదుగానే జరిగింది. వీటిలో ఏదీ కుదరని ఇల్లు బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్తుంది. అక్కడ కుదరకపోతే బెంగళూరో హైదరాబాదో వెళ్లి ఒక గది అద్దెకు తీసుకుంటుంది. తల్లీబిడ్డా అక్కడ, తండ్రి ఇక్కడ చేనులో. ఇల్లు రెండు ముక్కలవుతుంది.

ఈ ఊరికి 2,000 గంటల విశ్లేషకురాలు వచ్చి కాపురం పెడుతుందని ఆశించలేం. జిల్లాకు ఇద్దరో ముగ్గురో దొరికితే గొప్ప. అందుకే కింది మెట్టు నుంచి కట్టుకు రావాలి. దానికి ఆధారాలు ఉన్నాయి. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వాళ్ల ద్వారా ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు నేర్పిస్తే తల్లీబిడ్డల మధ్య సంభాషణ మెరుగైందని 2016లో ఒక అధ్యయనం చూపించింది. అది ఏబీఏ కాదు. అయినా నిఘా, దిద్దుబాటు గట్టిగా ఉంటే ఊరి మనిషే ఈ పని చేయగలదని అది రుజువు. ఆర్‌సీఐ కూడా మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి 2021లో ఆరు నెలల కోర్సు తెచ్చింది. పూర్తి చేసినవారిని ‘దివ్యాంగ మిత్ర’లంటారు. దాని పాఠాలకు ఎంచుకున్న భాషల్లో తెలుగు ఉంది.

అంటే ముక్కలన్నీ ఎక్కడో అక్కడ ఉన్నాయి. భవిత టీచరు ఉంది, తెలుగు పాఠం ఉంది, సికింద్రాబాద్ కొలమానం ఉంది, చట్టంలో వృత్తి పేరు ఉంది. కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో మనస్తత్వశాస్త్రం చదివినవారున్నారు. వీటిని కలిపేది రాష్ట్ర మండలి. అది రెండు మెట్లు ప్రకటించాలి. పై మెట్టుకు పీజీ, పర్యవేక్షిత గంటలు, పరీక్ష. విదేశీ సర్టిఫికెట్ ఉన్నవారికి వాళ్ల గంటలు లెక్కలోకి తీసుకోవాలి, పరీక్షలో మినహాయింపు అక్కర్లేదు. కింది మెట్టుకు ఆరు నెలలు, తెలుగులోనో ఉర్దూలోనో, సగం రోజులు పిల్లల మధ్యే. పర్యవేక్షణ నెలకు ఇన్ని గంటలని రాసి ఉండాలి. కొంత వీడియోలో జరిగినా ఫరవాలేదు, నెలకు ఒకసారైనా మనిషి వచ్చి గదిలో కూర్చోవాలి. ఎందుకంటే కెమెరా ముందు ఎవరూ పిల్లవాణ్ణి గిల్లరు.

ఫిర్యాదుకు చోటు కూడా ఇంటికి దగ్గర్లో ఉండాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016 కింద రాష్ట్ర కమిషనరు ఉన్నారు, కానీ తల్లులకు తెలిసింది కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్. అక్కడ ఇచ్చిన కాగితం నేరుగా మండలికి చేరాలి. విచారణ ముగిసే వరకు రిజిస్ట్రేషన్ ఆపే అధికారం మండలికి ఉండాలి. డబ్బు సంగతి కూడా దీనితో ముడిపడినదే. నేషనల్ ట్రస్టు నిరామయ పథకం ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఇస్తుంది, థెరపీ ఖర్చులు కూడా దానిలో వస్తాయి. రిజిస్టరులో పేరున్నవారి బిల్లుకే చెల్లింపు అని నియమం పెడితే, జైలుశిక్ష భయం కంటే అదే ఎక్కువమందిని రిజిస్టరు దగ్గరికి నడిపిస్తుంది. అమెరికాలో జరిగిందీ అదే.

అంతదాకా తల్లిదండ్రులు ఆగలేరు. మూడేళ్ల పిల్లవాడికి ఒక ఏడాది అంటే మూడో వంతు జీవితం. కాబట్టి ఏ కేంద్రానికి వెళ్లినా అడగండి. మీ ఆర్‌సీఐ నంబరు ఎంత, మీరు చేసేది దాని పరిధిలోదేనా? ప్రణాళిక రాసింది ఎవరు, ఆ మనిషిని మేమెప్పుడు చూడవచ్చు? గదిలో మేం కూర్చోవచ్చా? రాసుకున్న లెక్కలు మాకు చూపిస్తారా? పిల్లవాడు ఏడిస్తే ఏం చేస్తారు? గదిలోకి మిమ్మల్ని రానివ్వం అన్న చోట పిల్లవాణ్ణి ఒక్క రోజు కూడా వదలకండి. ఆరు నెలల్లో మాట తెప్పిస్తామని హామీ ఇచ్చినవారి దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

చివరగా, మండలి ముందు ఉన్న ప్రశ్నల్లో నాకు కష్టంగా అనిపించేది ఒకటి ఉంది. పదేళ్లుగా ఏ కాగితమూ లేకుండా, మంచి మనసుతో, చూసి నేర్చుకుని ఈ పిల్లలతో పనిచేస్తున్న ఆడవాళ్లు మన పట్టణాల్లో ఉన్నారు. కొందరు తమ బిడ్డ కోసమే నేర్చుకుని తర్వాత పక్కింటి బిడ్డకు నేర్పినవారు. రిజిస్టరు తెరిచిన రోజున వాళ్లను అక్రమమని బయట పెడితే ఈ సీమలో పనిచేస్తున్న చేతులే తగ్గిపోతాయి. అందరికీ అనుభవం పేరుతో ఉచితంగా నంబరు ఇచ్చేస్తే గడియ పెట్టే చేతులకూ అదే నంబరు వస్తుంది. మూడేళ్ల గడువు న్యాయమనుకుంటాను. ఆ మూడేళ్లూ తాత్కాలిక నమోదుతో, పర్యవేక్షణ కింద పని చేసుకోనివ్వాలి. రాతకంటే ఎక్కువ మార్కులు పిల్లవాడితో కూర్చుని చేసి చూపించేదానికి ఇవ్వాలి. శిక్షణ ఫీజు ప్రభుత్వమే పెట్టుకోవాలి, పరీక్షా కేంద్రాలు విజయవాడలో ఒక్కచోటే కాకుండా కడపలో ఒకటి, కర్నూలులో ఒకటి ఉండాలి.